అరవై మూడు ముక్కల్లో ఒకటి

బొంతకు మిషను కుట్టు ఎప్పుడూ మధ్యనుంచి మొదలుపెట్టాలి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నాలుగు బొంతలు పాడుచేశాక తెలిసింది. అంచునుంచి మొదలుపెడితే పై పొర కొంచెం కొంచెంగా జరుగుతూ పోయి, అవతలి అంచు దగ్గర అంగుళమున్నర ఉబ్బు మిగులుతుంది. దాన్ని ఎంత సాగదీసినా అణగదు. పాడైన ఆ నాలుగూ మా ఇంటివే కాబట్టి సరిపోయింది.

1973లో మేము విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. మావారు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. మాకు పిల్లలు లేరు. నా దగ్గర ఒక కాలి మిషను ఉండేది. మొదట జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. పక్క వాటా ఆవిడ ఒకనాడు సగం కుట్టిన బొంత తెచ్చి నా ముందు పడేసింది. పాత చీరల ముక్కలు ఒకదానికొకటి అతికి పై పొర చేసుకోవడం ఆడవాళ్ళకు సరదా పని. మధ్యాహ్నం నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేస్తారు. ఆ తర్వాతి పనే కష్టం. పై పొర, లోపల మడతలు పెట్టిన మూడు పాత చీరల పొరలు, అడుగు పొర, మొత్తం ఐదు పొరల్లోంచి సూది దింపి, మళ్ళీ పైకి లాగాలి. రెండు వరసలయ్యేసరికి వేళ్ళు పచ్చిపుండ్లవుతాయి. ఎన్నో ఇళ్ళల్లో బొంతలు అక్కడే ఆగిపోయి, మంచం కింద ట్రంకుపెట్టెలో పడి ఉండేవి. పక్కావిడ బొంతను నేను మూడు రోజుల్లో మిషను మీద పూర్తిచేసి ఇచ్చాను. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "హమ్మయ్య, ఏడేళ్ళ పీడ వదిలింది" అంది. ఆ తర్వాత ఇలాంటివాళ్ళంతా ఒకరి వెంట ఒకరు వచ్చారు.

ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. తెచ్చిన తేదీ, ఇచ్చిన తేదీ, పొడవు, వెడల్పు, ఎన్ని పొరలు, ఎన్ని వరసల కుట్టు, ఎన్ని సూదులు విరిగాయి. మావారు దాన్ని చూసి నవ్వేవారు. "నా చొక్కాకి గుండీ ఊడి వారమైంది. అది కూడా పుస్తకంలో రాయి, ఎప్పుడో ఒకప్పుడు దాని వంతు వస్తుంది" అనేవారు. గుండీ ఆ రోజే కుట్టాను. పుస్తకంలో రాయలేదు.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. 1979 చివరికి రెండువందల పద్నాలుగు బొంతలు. అందులో ఒకదాని ముక్క నేను చెప్పకుండా మార్చాను.

1976 సెప్టెంబరు 13, సోమవారం. ఉదయం తొమ్మిదిన్నరకు ఒకామె వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మైలవరం అవతలి పల్లె. మొదటి బస్సుకు వచ్చానని చెప్పింది. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషను పనులు జరుగుతున్న రోజులవి, లారీల దుమ్మంతా ఆమె చీర మీద ఉంది. గుమ్మం బయటే దులుపుకుంది.

"బొంతలు కుట్టే మిషనమ్మ ఇల్లు ఇదేనా?"

"ఇదేనండీ. రండి, కూర్చోండి."

కూర్చుని, మంచినీళ్ళు తాగి, గది అంతా కలియజూసింది.

"పిల్లలు బడికెళ్ళారా చెల్లెమ్మా?"

"లేరండీ."

"ఎన్నింటికొస్తారు?"

"అసలు లేరండీ."

ఆమె చేయి అప్పటికే సంచిలోకి వెళ్ళింది. ఏదో అడగబోతున్నట్టు నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. "పోన్లే" అని సంచిలోంచి బొంత పై పొర తీసి నా ముందు పరిచింది. ఆ 'పోన్లే' నేను చాలాసార్లు విన్నదే కాబట్టి పట్టించుకోలేదు.

పసిబిడ్డ బొంత. అడ్డం ఏడు ముక్కలు, నిలువు తొమ్మిది, మొత్తం అరవై మూడు. ఒకదానికొకటి పొంతన లేదు. లుంగీ గళ్ళు, పంచె అంచు, నీలం అంచున్న తెల్లచీర, జరీ ఊడిపోయిన పట్టు, పిండి సంచి గుడ్డ కూడా ఒకటి. మామూలుగా ఒక ఇంట్లోని బొంత చూస్తే ఆ ఇంట్లోవాళ్ళు ఎలాంటి బట్టలు కడతారో తెలిసిపోతుంది. దీన్ని చూస్తే ఏమీ తెలియలేదు. నేను స్కేలు పెట్టి కొలిచాను.

"ముక్క నాలుగంగుళాలన్నారు. ఇది మూడూముప్పావే ఉందండీ. ఇది నాలుగుంబావు."

"చేత్తో కొలిచాను తల్లీ. పొద్దున నా చెయ్యి ఒకలాగుంటుంది, సాయంత్రం ఇంకోలాగుంటుంది కామోసు."

అయినా మొత్తం మీద వెడల్పు ఇరవై ఎనిమిది, పొడవు ముప్పై ఆరు, కచ్చితంగా వచ్చింది. ఆ మాటే చెబితే, "చూశావా మరి" అంది.

"ఎవరికండీ?"

"మా అమ్మాయికి. దసరా వెళ్ళాక నెలలు నిండుతాయి. ఎన్నాళ్ళకిస్తావు?"

"పది రోజులు."

"ఉన్నదున్నట్టు కుట్టు. ఏదీ తీయొద్దు, ఏదీ కలపొద్దు."

"అలాగేనండీ" అన్నాను. మిషను కుట్టేవాళ్ళు గుడ్డ మిగుల్చుకుంటారని అందరికీ అనుమానమే. వచ్చిన ప్రతివాళ్ళూ ఈ మాట ఏదో ఒక రకంగా అనేవాళ్ళు. ఈమెదీ అదే అనుకున్నాను.

సెప్టెంబరు 17న నేలమీద ఐదు పొరలూ పరిచి, ముడతలు లేకుండా లాగి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేశాను. సుద్దతో అంగుళానికొక గీత గీశాను, నిలువుగా ఇరవై ఏడు, అడ్డంగా ముప్పై అయిదు. మర్నాడు మిషను మీదకు ఎక్కించాను. మధ్యనుంచి మొదలుపెట్టాలి కదా. సరిగ్గా నడిమి ముక్క మీద సూది దించాను.

నాలుగంగుళాలు కుట్టేసరికి గుడ్డ ఆ గీత పొడుగునా విడిపోయింది. ఒకప్పుడు పచ్చగా ఉండి, ఉతికి ఉతికి రంగు పోయిన మెత్తటి నేత చీర ముక్క. వేలితో ముట్టుకుంటే పోగులు రాలాయి. ఆ ముక్క మీదుగా నిలువుగా మూడు, అడ్డంగా మూడు కుట్లు వెళ్ళాలి. ఒక్కదానికే ఇలా అయితే ఆరింటికి ఏం మిగులుతుంది? నెల తిరక్కుండా బొంత మధ్యలో చిల్లు పడుతుంది. పనితనం నాది కాబట్టి మాట కూడా నాకే వస్తుంది.

ఆమె రానిదే అడగడానికి లేదు. పదోరోజున తయారుగా లేకపోతే ఆమె వృథాగా బస్సెక్కి వచ్చినట్టవుతుంది. పచ్చ రంగుదే ఇంకో ముక్క వేస్తే తేడా తెలియదనుకున్నాను. మిషను మీద కప్పే గుడ్డను నా పాత పచ్చ చీరతో కుట్టుకున్నాను, అందులో కొంత మిగిలి ఉంది. కచ్చా కుట్లు ఆ మేరకు విప్పి, నడిమి ముక్కను నాలుగు పక్కలా ఊడదీసి, నా ముక్కను కొలిచి అతికాను. చాలా బాగా కుదిరింది. నాకు తృప్తి కలిగిన మాట నిజం. తీసిన ముక్కను మాత్రం పారేయలేదు. ఒక కవరులో పెట్టి, పైన తేదీ వేసి, మిషను సొరుగులో ఉంచాను. ఎవరి గుడ్డయినా బొంత ఇచ్చేటప్పుడు మిగిలిన పోగులతో సహా అప్పజెప్పడం నా అలవాటు.

సెప్టెంబరు 22, బుధవారం. ఆమె వచ్చేసరికి వాన పడుతోంది. రిక్షాను వీధిలో ఆపే ఉంచింది. తిరుగు బస్సు గంటలోపే ఉందట. బొంత వెనక్కు తిప్పి కుట్టు చూసింది. గళ్ళు గళ్ళుగా, ఎక్కడా ముడత లేదు. బొంతను చెంపకు ఆనించుకుంది.

"ఇంత మెత్తగా ఎలా వచ్చిందే?"

"పొరలు ముడత పడకపోతే మెత్తగానే ఉంటుందండీ."

ఆమె దాన్ని ఎదురుగా పెట్టుకుని, నడిమి భాగం లోపలికి వచ్చేటట్టు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"మా అమ్మాయికి ఇద్దరు పుట్టి పోయారు చెల్లెమ్మా. ఒకటి మూడో రోజు, ఒకటి పదకొండో రోజు. ఇది మూడో కానుపు. మా అత్త చెప్పింది, పిల్లలు నిలవనప్పుడు పిల్లలు నిండుగా ఉన్న ఇళ్ళకెళ్ళి పాత గుడ్డ అడిగి తెచ్చి, దాని మీద పడుకోబెట్టాలంట. ఎవరింటికైనా పోవచ్చు, కులం లేదు, మతం లేదు, సిగ్గుపడకుండా చెయ్యి చాచాలంట. నాలుగు నెలలు తిరిగాను. ఈ నీలం అంచు చర్చి పక్క పంతులమ్మ గారిది, ఆరుగురు పిల్లలు. ఈ గళ్ళ లుంగీ మైలవరంలో సైకిలు షాపు సాయిబుగారిది, ఏడుగురు. ఈ పిండి సంచి చూశావా, ఆ మహాతల్లికి ఇవ్వడానికి ఇంకే గుడ్డా లేదు, ఎనిమిది మంది మాత్రం ఇల్లంతా తిరుగుతున్నారు."

"అలాగాండీ" అన్నాను.

"అన్నిట్లోకీ నడిమి ముక్కే గొప్పది. మా పక్కూరి దూదేకుల ముసలమ్మ చీర. పదకొండు మందిని కంది, ఒక్కరు పోలేదు. పదకొండు మందీ ఉన్నారు. అందుకే సరిగ్గా బిడ్డ వీపు కిందకు వచ్చేట్టు పెట్టాను."

మొదటి రోజు ఆమె ఏం అడగబోయిందో, ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. లోపలి పొరలో పెట్టడానికి మా ఇంటి గుడ్డ కూడా ఒకటి అడుగుదామనుకుంది. పిల్లలు లేరనేసరికి ఊరుకుంది. ఆమె అడగడానికి వెనకాడిన ఇంటి గుడ్డే ఇప్పుడు నడిమిలో ఉంది.

చెప్పడానికి నాకు సమయం ఉంది. ఎక్కువ లేదు గానీ, ఉంది. రిక్షావాడు గంట కొట్టాడు. ఆమె బొంతను తువ్వాల్లో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నా గడ్డం పట్టుకుని, "నీ చేతి చలవ చెల్లెమ్మా" అని మెట్లు దిగింది. నేను నోరు తెరవలేదు. కవరు సొరుగులోనే ఉండిపోయింది.

సాయంత్రం మావారితో చెప్పాను.

"ఉత్తరం రాయి. విషయమంతా రాసి, ముక్క అందులో పెట్టు."

"అడ్రసు లేదండీ."

"పుస్తకంలో ఉంటుందిగా?"

పుస్తకంలో ఆమె బొంత పొడవుంది, వెడల్పుంది, పొరలున్నాయి. అరవై రెండు వరసలు కలిపి పందొమ్మిదివందల యాభై రెండు అంగుళాల కుట్టు, అంగుళానికి పన్నెండు చొప్పున ఇరవై మూడువేల నాలుగువందల ఇరవై నాలుగు పోట్లు, అది కూడా ఉంది. ఆమె పేరు లేదు. ఊరి పేరు మాత్రం మాటల్లో వచ్చింది కాబట్టి గుర్తుంది. మావారు పుస్తకం మూసి నా చేతికిచ్చారు, నవ్వలేదు.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం ఉందా అని ఎవరైనా అడిగితే, లేదనే చెబుతాను. పసిబిడ్డలు ఏ జబ్బులతో పోతారో నాకు తెలుసు. కానీ నమ్మకం ఆమెది, నాలుగు నెలలు తిరిగిన కాళ్ళు ఆమెవి. ఏదీ తీయొద్దు, ఏదీ కలపొద్దు అని ఆమె నా మొహం మీదే చెప్పింది. నేను రెండూ చేశాను. ఆ బిడ్డకేమైనా అయితే, ఎప్పుడో ఒకనాడు ఆమె ఆ ముక్క చూసుకుంటే, కారణం ఎదురుగా కనిపిస్తుంది. నేనెంత చెప్పినా అది కాదని ఆమెతో అనిపించలేను. నాతో నేను కూడా అనిపించుకోలేను.

అక్టోబరు 4న కవరు తీసుకుని బస్టాండుకు వెళ్ళాను. ఊరి పేరు తెలుసు, పదకొండు మంది పిల్లల దూదేకుల ముసలమ్మ పక్కూళ్ళోనే ఉంది, ఆమెను అడిగినా ఇల్లు తెలుస్తుంది. మైలవరం బస్సు వచ్చింది. ఎక్కలేదు. నెలలు నిండిన పిల్ల ఉన్న ఇంటికి, ఇద్దరు బిడ్డలు పోయిన ఇంటికి, పిల్లలు లేనిదాన్ని నేను వెళ్ళి గుమ్మంలో నిలబడటమా? ఆ రోజుల్లో సీమంతాలకు నన్ను పిలవని ఇళ్ళు నాకు తెలుసు. పిలవలేదని బాధపడడం ఎప్పుడో మానేశాను, కానీ పిలవని చోటికి వెళ్ళకూడదని నేర్చుకున్నాను. రెండో బస్సు కూడా వెళ్ళిపోయాక ఇంటికి నడిచి వచ్చాను.

ఆ తర్వాత వేరే బొంతలు పదకొండు కుట్టాను. ప్రతిదానికీ, "ఈ ముక్క ఎవరిదండీ, ఇది ఎవరిది?" అని అడగడం మొదలుపెట్టాను. కొందరు విసుక్కున్నారు. ఒకావిడ, "బొంత కుడతావా, జనాభా లెక్కలు రాస్తావా?" అంది.

నవంబరు 8, సోమవారం. బొంత తీసుకెళ్ళి నలభై ఏడు రోజులు. పదకొండు గంటలకు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైతే తల ఎత్తాను. ఆమె. చేతిలో ఒక పొట్లం.

నేను లేచి నిలబడ్డాను. ఆమె మొహంలో ఏముందో చూడాలని ఉంది, చూడాలంటే భయంగా ఉంది.

"ఆడపిల్ల" అంది. "మొన్న శనివారం ఇరవయ్యొకటో రోజు. ఉయ్యాల్లో వేశాం. ఇదిగో మిఠాయి. ఏంటమ్మా, అలా నిలబడిపోయావ్? నోరు తెరువు, నేనే పెడతాను."

మూడో రోజు దాటింది. పదకొండో రోజు దాటింది. ఇరవయ్యొకటి. మిఠాయి నోట్లో ఉండగానే నేను మిషను ముందు కూర్చున్నాను. నలభై ఏడు రోజులుగా నా మెడ వెనక బిగిసి ఉన్నదేదో ఒక్కసారిగా వదులైంది. అది బిగిసి ఉన్నట్టు వదిలాకే తెలిసింది.

"అక్కా, మీకొక మాట చెప్పాలండీ."

"నడిమి ముక్క సంగతేగా?"

నోట్లో మిగిలిన మిఠాయి గబుక్కున మింగాను.

"బస్సులోనే చూశాను. కొండపల్లి దాటకముందే ఒళ్ళో పెట్టుకుని విప్పాను. ముక్క పచ్చదే, కానీ నా పచ్చ కాదు. అరవై ముక్కలు చేత్తో అతికినదాన్ని, నాకు తెలీదా? పైగా ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడా అని ఇంటిదాకా ఆలోచిస్తే తట్టింది. అదిగో, నీ మిషను మీద గుడ్డ."

"అరవై మూడండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"ఆఁ, అరవై మూడు. ఒకటి నువ్వు తీసేశావు, అరవై రెండు."

"తిట్టుకున్నారా?"

"తిట్టుకోవడమా! మా ఆయన చెవులు మూసుకున్నాడు. అంతటితో ఊరుకున్నానా, ఆయన గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని కూర్చున్నాను, నీ ముక్క ఊడదీద్దామని. రెండు రోజులు! ఏం కుట్టమ్మా అది? ఒక పోటు తెంపితే పక్కది పట్టుకుంటుంది. అది తెంపితే అడ్డంగా ఇంకోటి. గట్టిగా లాగితే పంతులమ్మగారి ముక్క కూడా చిరిగేలా ఉంది."

"అంగుళానికి పన్నెండు."

"ఎన్నయితే నాకెందుకు? ఊడి చావలేదు. నీ చేతులు పడిపోనూ అనుకున్నాను. దసరా వెళ్ళాక మళ్ళీ బ్లేడు పట్టుకుందామనుకున్నాను గానీ, ఇంట్లో వంద పనులు. ఈలోపు నొప్పులొచ్చాయి. బిడ్డ పుట్టగానే మా అమ్మాయి, బొంత తేవే అంది. దానికి ఈ గొడవ చెప్పలేదు. చెబితే దాని గుండె ఆగేది. తెచ్చి పరిచాను. ఏం చేస్తాను? పడుకోబెట్టగానే ఆ పిల్ల సరిగ్గా నీ ముక్క మీదే తడిపింది. నాకు నవ్వాగలేదు. కోపం దాంతోనే పోయింది."

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకు తెలియలేదు. లేచి సొరుగు లాగి కవరు తీసి ఆమె చేతిలో పెట్టాను. పైనున్న తేదీ ఆమెకు చదవడం రాదు. ముక్క తీసి చూసింది.

"దాచావా! పారేశావనుకున్నాను."

"పారేయనండీ. సూది దించగానే విడిపోయింది. మిమ్మల్ని అడగడానికి వీల్లేకపోయింది. ఆ రోజు మీరు చెప్పాక అయినా నేను నోరు తెరవాల్సింది."

"తెరిస్తే ఏం చేసేదాన్ని? అక్కడే కూలబడేదాన్ని, బస్సు పోయేది." కాసేపు ఆ ముక్కను వేళ్ళమధ్య నలుపుతూ కూర్చుంది. "ముసలమ్మ ఇచ్చేటప్పుడే చెప్పింది, ఇది సూదికి ఆగదే అని. వేరేది ఇస్తానంది. నేనే, ఇదే కావాలని పట్టుబట్టాను, ఒంటిమీద ఎక్కువ కాలం ఉన్నదని. దీన్ని నీ దగ్గరే ఉంచు. మా ఇంట్లో ఎలకలు."

ఆ మధ్యాహ్నం ఆమె మా ఇంట్లోనే భోంచేసింది. నేను మొదట చేసిన పని ఆమె పేరు అడిగి, ఊరితో సహా పుస్తకంలో రాసుకోవడం. అప్పటినుంచి ప్రతి బొంతకూ ఆ రెండు గళ్ళు కొత్తగా చేరాయి. మావారు ఆఫీసునుంచి వచ్చి, మిఠాయి పొట్లం చూసి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా రెండు తీసుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆ రోజు అన్నం రుచిగా ఉందన్నారు. వంట రోజూ ఒకటే.

1978 ఆగస్టు 21న ఆమె మళ్ళీ వచ్చింది. అమ్మాయికి ఇంకో కానుపు. మొదటిది గోడలు పట్టుకుని నడిచే వయసు దాటిపోయి, ఇప్పుడు వీధిలో కోళ్ళను తరుముతోందట. ఈసారి పై పొరలో అరవై రెండు ముక్కలే ఉన్నాయి. నడిమి చోటు ఖాళీ.

"నీ ఇంటి ముక్క ఒకటి పడెయ్యి" అంది.

"మా ఇంట్లో పిల్లలు లేరని తెలుసు కదండీ."

"తెలుసులేమ్మా. ఆ పిల్ల ఏ ముక్క మీద పడుకుని పెరిగిందో అది కావాలి నాకు. ఇస్తావా, ఇంకో గుమ్మం చూసుకోనా?"

మిగులు గుడ్డ అయిపోయింది. మిషను మీద గుడ్డే తీసి, స్కేలు పెట్టి, నాలుగు పక్కలా కుట్టుకు పావంగుళం వదిలి, కత్తిరించాను. ఆమె చెయ్యి చాచి నిలబడింది. "ఇంత కొలిచి ఇచ్చినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు" అంది. ముసలమ్మ ముక్కను రెండు పల్చటి మల్లు గుడ్డల మధ్య పెట్టి, నా ముక్క కింద లోపలి పొరలో ఉంచాను. ఈసారి ముందే అడిగాను. సరేనంది.

గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగింది.

"ఇదిగో చెల్లెమ్మా, ఈసారి కుట్టు కాస్త వదులుగా వెయ్యి. ఏదన్నా అవసరమైతే విప్పుకోడానికి."

"అలాగేనండీ" అన్నాను.

ఇందాక పుస్తకం తీసి చూశాను. ఆ బొంతకు కూడా అంగుళానికి పన్నెండే ఉంది.